ఉప్పులేని ఎండుచేప

గోపాల్‌పూర్‌లో, లైట్‌హౌస్ కింద మూడో సందు.
అలలకు అడ్డంగా గోడ కట్టే కంపెనీ మనిషి
మా పక్క డాబాలో అద్దెకు దిగింది.
నార్వే అట. పేరు తోరున్.
మా మేనత్త అసిరితల్లి నోట్లో ఆ పేరు
రెండు రోజులు నాని తోరణమ్మ అయింది.

పెట్టె విప్పితే బట్టలకంటే ముందు
ఒక చేప బయటపడింది.
మూరెడు పొడుగు. తల లేదు.
కొయ్యల మీద మూడు నెలలు
చలిగాలికి ఆరిందట, ఉప్పుగల్లు తగలకుండా.
నలభై ఏళ్ళు ఇసకలో నెత్తళ్ళు ఎండేసిన అత్త
దాన్ని గోరుతో గీకింది, వాసన చూసింది,
గోడకేసి కొట్టి మోత విన్నది.
"ఉప్పునేకండా ఎండితే అది సేపేటి, సెక్కేటి?
తలుపుకి గెడెట్టుకో తల్లీ."
నా బడి ఇంగ్లీషులోకి వచ్చేసరికి
ఆ గెడ ఎక్కడో జారిపోయింది.
అయినా ఆమె నవ్వింది,
చేపను అత్త చేతిలోనే పెట్టేసింది.
మా దూలానికి వేలాడదీశాం.
కాకి కూడా ముట్టలేదు.

కరెంటు పోయిన ఒక సాయంత్రం చెప్పింది:
నాలుగొందల ఏళ్ళు డెన్మార్కు రాజు కింద ఉన్నారట,
ఇంట్లో మాట ఒకటి, కాగితం మీద ఇంకొకటి.
తర్వాత ఎవరో కాలినడకన ఊరూరా తిరిగి
పల్లెటూళ్ళ నోళ్ళలోంచి మాటలు ఏరి
కొత్త రాత కట్టాడట.
ఇప్పటికీ వాళ్ళకు రెండు రాతలు,
వాటి మీద ఒకటే తగువు.
నేను లోపలికెళ్ళి అమ్మ చేపల లెక్కల పుస్తకం తెచ్చాను.
కవళ్ళు, సావిళ్ళు, కానాగంతలు.
మాట తెలుగు, అక్షరం ఒడియా.
ప్రతి అక్షరం నెత్తినా ఒక గొడుగు.
ఎండ మాది, గొడుగు వాళ్ళది
అందామనుకున్నాను. ఇంగ్లీషు చాల్లేదు.

మే పదిహేడున వాళ్ళ పండగ.
పిట్టగోడకు ఎర్రజెండా కట్టింది, నీలం గీతల శిలువది.
"ఎవుల్ని గెలిసినారు?" అత్త.
ఎవర్నీ కాదు, ఒక రాజ్యాంగం రాసుకున్నారు, అంతే.
"కాయితానికి పండగా!"
కాగితం కనబడితే బొటనవేలు
కొంగులో దాచుకునే మనిషి మా అత్త.
ఆ రోజు అక్కడ పిల్లలు ఎన్ని ఐసులు తిన్నా
అడిగేవాడు ఉండడట.
కుల్ఫీ బండి ఆగింది. సాయంత్రానికి
మా సందులో పదకొండుమంది పిల్లలు
నార్వేవాళ్ళయిపోయారు.

ఆదివారం ఆదివారం తన దీవి పత్రిక చదివి చెప్పేది.
ఫెర్రీ వేళలు మారాయి.
ఎవరివో గొర్రెలు రోడ్డెక్కి పడుకున్నాయి.
పడవల పాక పైకప్పు గాలికి లేచింది.
"మనోళ్ళేనే," అనేది అత్త తృప్తిగా.

వానలు పట్టిన ఒక ఆదివారం
ఆమె ఏమీ చెప్పలేదు.
ఫోను బోర్లా పెట్టి సముద్రం వైపు తిరిగి కూర్చుంది.
"ఎవులు పోనారు?"
మనిషి కాదు. తను చదివిన బడి.
ఇద్దరే మిగిలారట పిల్లలు. మూసేశారు.

అత్త మారుమాట్లాడకుండా లేచింది.
ఇంటికొచ్చి దూలం మీది గెడను దింపి
రోకలి తిరగేసి దంచింది.
నీళ్ళు మార్చి మార్చి రెండు రాత్రులు నానేసింది.
మావైపు చావింట పొయ్యి వెలగదు,
పక్కింటివాళ్ళే కూడు మోయాలి.
మూడోనాడు చింతపండు పులుసు దింపి
గిన్నె మీద ఆకు కప్పి
వానలో డాబా మెట్లెక్కింది. వెనకాల నేను.

మా సందు చివర తెలుగు బడికి తాళం పడ్డ ఏడు
నాది నాలుగో తరగతి.
ఎవరో పోయారని మాకెవరూ చెప్పలేదు.
ఆ రాత్రి అన్ని ఇళ్ళలోనూ పొయ్యిలు వెలిగాయి,
మా ఇంట్లో కూడా.

తోరణమ్మ తింటోంది, తల ఎత్తకుండా.
అత్త గుమ్మంలో గొంతుక్కూచుని
ఆ నోటికేసే చూస్తూ
నన్ను మోచేత్తో పొడిచింది:
"అడగవే. ఉప్పు సరిపోనాదా?"